నాకు మండుతోంది

పొద్దున్నే లేవగానే చిట్టి పాత తువ్వాలు ముక్కని చల్లటి నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ముఖం మీద పరుచుకుని వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంటుంది. ఆ కాసేపూ ఎవరితోనూ మాట్లాడదు. స్టవ్ మీద పాలు పొంగుతున్నా లేవదు. భర్తే వచ్చి ఆపుతాడు. ఆపుతూ ఊరుకోడు. "ఇంజను చల్లారిందా?" అంటాడు. "ఇంకో బకెట్ తెమ్మంటావా?" అంటాడు. అతను ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. లోకంలో కష్టాలన్నీ గ్యాస్ తగ్గడం వల్లో కంప్రెసర్ పాడవడం వల్లో వస్తాయని అతని నమ్మకం. మనిషి మంచివాడే. జోకు వెయ్యకుండా నోరు మూసుకోవడం మాత్రం రాదు.

చిట్టి అనేది పిన్ని పిలిచే పేరు. ముప్పై ఆరేళ్లొచ్చినా పిన్నికి ఆమె చిట్టే. పనిచేసే చోట ఆమెని కుంపటి అంటారు. ఆ పేరు వింటే ఆమెకి ఒళ్లుమంట, కాబట్టి మనం పిన్ని పిలిచినట్టే పిలుద్దాం.

ఆమె బాధ ముఖంలో ఉంది. రెండు బుగ్గలూ, ముక్కూ, గడ్డం నడిమి భాగం, ఉన్నట్టుండి లోపలినుంచి రాజుకుంటాయి. వేడి టీ రెండు గుక్కలు తాగితే చాలు. ఎండలో బస్సు కోసం నిలబడితే చాలు. ఎవరైనా ఒక మాట అంటే చాలు. ఎవరో పెనం తెచ్చి బుగ్గకి ఆనించినట్టు మొదలై, ఒక్కోసారి గంటల తరబడి దిగదు. మొదట్లో వచ్చి పోయేది. తర్వాత్తర్వాత రావడమే గానీ పోవడం మర్చిపోయింది. బుగ్గల మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. చూసినవాళ్లు "ఈ వయసులో మొటిమలేంటి?" అని నవ్వారు.

చిట్టిది నల్లటి ఒళ్లు. నిగనిగలాడే చిక్కటి నలుపు. ఆ నలుపులో ఎరుపు కనపడదు. అద్దం దగ్గరికి వెళ్లి చాలాసేపు చూస్తే, బుగ్గల దగ్గర రంగు కొంచెం ముదిరినట్టు, ఎండకి కమిలినట్టు ఉంటుంది, అంతే. ముఖం కాలిపోతోందని ఆమె చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ముందుకి వంగి, కళ్లు చికిలించి చూసి, ఒకటే మాట అనేవాళ్లు. "ఏం లేదే!"

ఆ "ఏం లేదే" అనే మాట ఎంతమంది నోట విందో! ఆడపడుచు అంది, పక్కింటావిడ అంది, మందుల షాపు అతను అన్నాడు. ఆడపడుచు అయితే అక్కడితో ఆగకుండా ఒక ట్యూబ్ కూడా తెచ్చిచ్చింది. "మా ఆఫీసులో అందరూ ఇదే రాస్తారు వదినా. ముఖం తేటగా అవుతుంది. డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, షాపులో అడిగితే ఇచ్చేస్తారు." రాసిన వారం రోజులూ ముఖం చల్లగా ఉంది. చిట్టి ఆడపడుచుని నెత్తిన పెట్టుకుంది. ట్యూబ్ అయిపోయిన మర్నాడు మంట రెట్టింపై వచ్చింది. మళ్లీ కొంది, మళ్లీ రాసింది, మళ్లీ కాస్త తగ్గింది. అలా ఏళ్లు గడిచాయి. ముఖం చర్మం ఉల్లిపొరలా పలచబడింది.

దీనికి తోడు మాటతో ఒక చిక్కు. "నాకు మండుతోంది" అంటే ఎవరైనా ఏమనుకుంటారు? కోపమొచ్చిందనే అనుకుంటారు. చిట్టి పుట్టుకతో కోపిష్టి మనిషి కాదు. పెళ్లైన కొత్తలో పక్కింటి కుక్కకి కూడా దారిచ్చి నిలబడే రకం. కానీ రోజుకి పదిమంది "ఎందుకంత కోపం?" అని అడుగుతూ ఉంటే, కోపం లేని మనిషి కూడా ఎన్నాళ్లు తట్టుకుంటుంది? కోపమొచ్చేది. కోపమొస్తే ముఖం ఇంకా మండేది. "చూశావా, కోపం తగ్గించుకుంటే అదే తగ్గుతుంది" అనేవాళ్లు. అప్పుడామెకి నిజంగానే కడుపు రగిలిపోయేది.

పిన్ని అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఒక గదిలో ఉండేది. రంగుల దుకాణంలో పని. ఆమె అరచేతులు దేన్ని తాకితే ఆ రంగులోకి మారేవి. పచ్చ తలుపు తోస్తే పచ్చ, నీలం బకెట్ ఎత్తితే నీలం. మళ్లీ ఇంకోటి ముట్టుకునేదాకా ఆ రంగే. చిన్నప్పటినుంచీ అంతే. బడిలో పంతులమ్మ ఆమె చేతులు చూసి "బల్ల మీద పెట్టావా, గోడ మీద పెట్టావా?" అని అడిగి ఊరుకునేదట. దుకాణం యజమాని ఆ చేతుల కోసమే పన్లో పెట్టుకున్నాడు. ఎవరైనా తమ ఇంటి గోడ పెచ్చు ఒకటి తెచ్చి "ఇదే రంగు కావాలి" అంటే పిన్ని దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిట తెరిచి, ఆ అరచేతిని ఎదురుగా పెట్టుకుని రంగులు కలిపేది.

గోడనీ గుడ్డనీ తాకితే పై రంగు వచ్చేది. పండునో మనిషినో తాకితే లోపలి రంగు వచ్చేది. వీధి చివర పుచ్చకాయల బండివాడు ఆమెని చూడగానే "అమ్మా, ఒక్కసారి చెయ్యేసి వెళ్లండి" అని పిలిచేవాడు. పిన్ని కాయల మీద చెయ్యేసేది గానీ మనుషుల మీద వెయ్యడం మానేసింది. ఒకప్పుడు బాబాయి పొట్ట మీద చెయ్యి పెడితే అరచేయి ముదురు పసుపుగా మారింది. ఆ చేతిని మరుదులకి చూపించింది. "నిజమే వదినా, పసుపే. కానీ రిపోర్టు రానీ" అన్నారు వాళ్లు. రిపోర్టు వచ్చేసరికి బాబాయి మాట పడిపోయింది. ఆ నెల్లోనే మనిషి పోయాడు. అప్పట్నుంచి పిన్ని ఎవరినీ ముట్టుకోలేదు. పిల్లల్ని ముద్దు చెయ్యాలన్నా చేతులు వెనక్కి పెట్టుకుని నుదుటితో నుదురు తాకించేది.

చిట్టి పని ఒక పెద్ద హోటల్ లాండ్రీలో, రోలర్ మెషీన్ దగ్గర. తడి దుప్పటి అంచులు ఇద్దరు చెరోవైపు పట్టుకుని లోపలికి పంపిస్తే, కాలే రోలర్ల మధ్యనుంచి అది ఇస్త్రీ అయి అవతలికి వస్తుంది. దుప్పట్లు, దిండు గలీబులు, బల్లగుడ్డలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. గది నిండా ఆవిరి. కిటికీ ఒకటే, అదీ తెరుచుకోదు. ఆమెకి ఎదురుగా దుప్పటి రెండో అంచు పట్టుకునేది పొడుగుపిల్ల. పెళ్లై రెండేళ్లైన పిల్ల, నోటి దురుసు, ఎప్పుడూ కిలకిలా నవ్వుతూ ఉండేది. కుంపటి అనే పేరు పెట్టింది ఆ పిల్లే.

"అక్కా, నువ్వు ఇలా బుగ్గ ఆనిస్తే చాలు, ఈ మెషీన్ కరెంటు దండగ" అనేది.

మడతల గది పక్కనే ఉంది. అక్కడ ఆవిరి లేదు, ఫ్యాను ఉంది. అక్కడికి మార్చమని చిట్టి సూపర్‌వైజర్‌ని అడిగింది. ఒకసారి కాదు, నోరు నొప్పెట్టేదాకా అడిగింది. అతను చివరికి, "హోటల్ డాక్టరు గారు చెప్తే మారుస్తాను. నాకైతే నీ ముఖంలో ఏమీ కనపడట్లేదు" అన్నాడు.

హోటల్ డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. స్టోర్ రూమ్ పక్కన చిన్న గదిలో కూర్చునేవాడు. చిట్టి ఎదురుగా కూర్చుని, ఎలా చెప్పాలో ముందే అనుకున్నదంతా మర్చిపోయి, "నాకు మండుతోంది డాక్టరు గారూ" అంది.

"ఎవరి మీద?" అన్నాడాయన.

చిట్టికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం భగ్గుమంది. బుగ్గలు చూపించి, "ఇక్కడండీ. లోపల కాలిపోతోంది. ఎర్రబడిపోతున్నట్టుంటుందండీ" అంది.

ఆయన కూర్చున్నచోటునుంచే చూశాడు. "ఏం లేదే! ఎర్రబడే జబ్బు ఒకటుందిలే, కానీ అది తెల్లగా ఉండేవాళ్లకి వస్తుంది. మీకు రాదు. ఇంట్లో ఏమైనా గొడవలా? నిద్ర పడుతోందా? కోపం తగ్గించుకోండి. ఈ మాత్ర రాత్రిపూట వేసుకోండి."

"కళ్లల్లో కూడా ఇసక పోసినట్టు ఉంటోందండీ. పొద్దున రెప్పలు అంటుకుపోతున్నాయి."

"నిద్రమాత్ర వేసుకుంటే కళ్లకి కూడా విశ్రాంతి దొరుకుతుంది. తర్వాతెవరు?"

ఆ మాత్రలు ఆమె ఇంటికొచ్చే దారిలో మురిక్కాలవలో పారేసింది. అది విన్న భర్త, "పాపం ఆ కాలవకైనా నిద్ర పడుతుంది" అన్నాడు.

కొన్నాళ్లకి, మధ్యాహ్నం వేళ, దుప్పటి అంచు మెషీన్‌కి అందిస్తుండగా చిట్టి కుడికంట్లో సూది దిగినట్టైంది. కళ్లు రెండూ మూసుకుపోయి బొటబొటా నీళ్లు కారాయి. దుప్పటి వంకరగా పోయి రోలర్‌కి చుట్టుకుంది. ఆమె గుడ్డిగా వెనక్కి లాగింది. చెయ్యి లోపలికి పోయేదే, పొడుగుపిల్ల కేకేసి బటన్ నొక్కింది కాబట్టి సరిపోయింది. మాడిన వాసనతో గది నిండిపోయింది.

సూపర్‌వైజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మాడిన దుప్పటి చూశాడు, చిట్టి ముఖం చూశాడు. "మడతల గది ఇవ్వలేదని కసి తీర్చుకున్నావా?" అన్నాడు.

"కళ్లు కనపడలేదు సార్."

"కోపంతో కళ్లు కనపడవులే ఎవరికైనా. రేపొక్కరోజు ఇంట్లో కూర్చో. ఎల్లుండి మేనేజర్ గారి గదికి రా. కోపంలో చేశాను, ఇక చెయ్యను, క్షమించండి అని చెప్పు. చెప్తే పన్లో ఉంటావు. లేకపోతే లేదు."

పొడుగుపిల్ల ఏదో అనబోయి, సూపర్‌వైజర్ చూపు చూసి మానేసింది.

ఇంటికొచ్చి చెబితే భర్త ఈసారి జోకు వెయ్యలేదు. వేస్తే బాగుండేదేమో. చాలా బుద్ధిమంతుడిలా, "పోనీ చెప్పెయ్యకూడదూ? ఒక మాటే కదా. నీక్కూడా కాస్త కోపం ఎక్కువే" అన్నాడు.

చిట్టి చేతిలో ఉన్న గ్లాసు గట్టు మీద పెట్టింది. మెల్లగానే పెట్టింది. "నువ్వేమన్నావ్?" అంది.

పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె అతన్ని 'మీరు' అనే అంది. ఆ 'నువ్వు' వినగానే అతను గోడకి జరిగాడు.

"ఇన్నేళ్లనుంచి నా ముఖం కాలిపోతోందని చెప్తున్నాను. ఒక్కసారైనా ఎలా ఉంటుందని అడిగావా నువ్వు? ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, దేనివల్ల ఎక్కువవుతుంది, అడిగావా? ఎవరిదో ఫ్రిజ్ చల్లబడటం లేదంటే గంటసేపు అడుగుతావే! ఎప్పట్నుంచి, ఏం చప్పుడొస్తోంది, వెనకాల వేడిగా ఉందా అని! నేనేమో ఇంజన్నీ, కుంపటినీ! నీ జోకులకి నవ్వి నవ్వి చచ్చాను. క్షమించమని నేను చెప్పాలా? నేనా?"

అరుస్తుంటే ముఖం మంటై లేచింది. కళ్లు ఎర్రజీరలతో నిండిపోయాయి. అతను "సరే సరే, ముందు కూర్చో, కోప్పడకు" అన్నాడు అలవాటుగా. ఆ ఒక్క మాటకి ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి పిన్ని గదికి వెళ్లిపోయింది.

పిన్ని అప్పుడే పనినుంచి వచ్చి టీ పెట్టుకుంటోంది. అరచేతులు గిన్నె రంగులో, వెండిలా మెరుస్తున్నాయి. చిట్టి గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. ఏడవలేదు. ఏడుపు రానంత కోపంగా ఉంది. పిన్ని అంతా అయ్యాక స్టవ్ ఆపేసి, ఎడమ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అరచేయి కొంగు రంగులోకి, బూడిద రంగులోకి మారింది. వచ్చి చిట్టి ఎదురుగా నిలబడింది.

"ముట్టుకోనా?" అని అడిగింది.

చిట్టి తలూపింది.

పిన్ని ఆ చేతిని ఆమె కుడి బుగ్గ మీద పెట్టింది. తీసి చూసుకుంది. ఇద్దరూ చూశారు. అరచేయంతా ఎరుపు. కుంకుమ ఎరుపు కాదు, రక్తం ఎరుపు కాదు. బట్టీలోంచి అప్పుడే లాగిన ఇటుకని నడిమికి విరిస్తే లోపల కనిపించే ఎరుపు. అందులో సన్నటి దారాల్లా అల్లుకుపోయిన నరాలు, అక్కడక్కడా పొక్కుల చుక్కలు.

"ఈ ఎరుపు మా దుకాణంలో లేదు" అంది పిన్ని. "ఇంత మంట పెట్టుకుని నవ్వుతూ తిరిగావా నువ్వు? నాకు చెప్పడానికేం?"

"నువ్వు ఎవరినీ ముట్టుకోవు కదా పిన్నీ."

పిన్ని మంచం మీద కూలబడింది. "మనుషుల్ని ముట్టుకోకూడదని కాదే. ముట్టుకుని చూపించినా వినని వెధవల మీద కోపం నాకు. వాళ్ల మీద కోపంతో నీ మీద కూడా చెయ్యి వెయ్యకుండా కూర్చున్నాను చూడు!" అంది. ఎడమ చేతిని దేనికీ తగలకుండా ఎత్తి పట్టుకుంది. "రేపు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈ రంగు పోనివ్వను."

ఆ రాత్రి ఆ చేతిని మంచం పట్టె బయటికి వేలాడేసి పడుకుంది.

చర్మం డాక్టరు చిన్న గదిలో, పెద్ద గొంతుతో ఉండే ఆడమనిషి. పిన్ని చూపించిన అరచేతిని మణికట్టు పట్టి దీపం కిందకి లాక్కుని ఎక్స్‌రే చూసినట్టు చూసింది. తర్వాత దాన్ని వదిలేసి చిట్టి వైపు తిరిగింది. తన చేతి వెనక భాగం ఆమె బుగ్గకి ఆనించి వేడి చూసింది. చిన్న గాజు పలకతో చర్మాన్ని నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి చూసింది. కనురెప్పల అంచులు లైటు వేసి చూసింది. చూస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. వేడి టీ తాగితే వస్తుందా? ఎండలో? పరిగెత్తితే? కారం తింటే? సబ్బు రాస్తే చురుక్కుమంటుందా? ఏం క్రీములు రాశావు? చిట్టి ట్యూబ్ తీసి ఇచ్చింది. డాక్టరు దాని మీద పేరు చదివి, చెత్తబుట్టలోకి విసిరింది. అది బుట్ట అంచుకి తగిలి గది మూలకి పోయింది.

"వీటిని మిఠాయిల్లా అమ్ముతున్నారు! దీనివల్ల నీ జబ్బు రెండింతలైంది. దీని పేరు రొసేషియా. ముఖంలో రక్తనాళాలు ఊరికే ఉబ్బిపోయి చర్మం వాచే జబ్బు. నల్లటివాళ్లకి రాదని ఎవడు చెప్పాడు? వస్తుంది. పైకి కనపడదు, అంతే. కనపడకపోతే అడగాలి. మీ పిన్ని చెయ్యి లేకపోయినా తెలిసిపోవాలి. మండుతోందా, కాలుతోందా, కళ్లల్లో ఇసక ఉందా, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అడగడానికి ఏం రోగం మా వాళ్లకి?"

"పోతుందా డాక్టరు గారూ?"

"పూర్తిగా పోదు. అబద్ధం చెప్పను. కానీ అణిచి ఉంచొచ్చు. ముఖానికి పూత ఇస్తాను, కొన్నాళ్లు మాత్రలు. ఆ ట్యూబ్ మానేస్తున్నావు కాబట్టి ముందు కొన్ని వారాలు ఇంకా మండుతుంది, భయపడి మళ్లీ రాయొద్దు. ఘాటు సబ్బులు, నిమ్మకాయలు, రుద్దుళ్లు బంద్. ఎండకి క్రీము రాయకుండా గడప దాటొద్దు. కళ్లకి చుక్కలు వెయ్యి, పొద్దున గోరువెచ్చటి గుడ్డతో రెప్పలకి మాత్రం కాపడం పెట్టుకో. ఇక నీకు దేనివల్ల రాజుకుంటుందో నువ్వే కనిపెట్టాలి. ఒకరికి టీ, ఒకరికి కారం, ఒకరికి ఎండ. ఆ ఆవిరి గది మాత్రం నీకు పనికిరాదు." గొంతు తగ్గించింది. "కుడికంటి నల్లగుడ్డు అంచున చిన్న మచ్చ పడింది. అది పోదు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే..."

చిట్టి వేలితో కుడికంటి అంచు తడుముకుంది. "కోపం వల్ల కూడా రాజుకుంటుందా?" అంది.

"రాజుకుంటుంది. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"అంటే వాళ్లన్నదే నిజం."

"ఎండ వల్ల కూడా రాజుకుంటుంది. ఎండ కాస్తే అది నీ బుద్ధి వంకరని ఎవరైనా అన్నారా? నీ ఒంటికి కోపం పడదు. అంత మాత్రాన నిన్ను కాల్చుకుతినేవాళ్లు మంచివాళ్లైపోరు."

బయటికొచ్చాక పిన్ని "ఈవిడ బాగుంది. నోట్లో మాట నోట్లో ఉండదు" అంది.

మర్నాడు పిన్ని ఎడమ చేతిని ఎత్తి పట్టుకుని చిట్టితో కలిసి హోటల్‌కి వెళ్లింది. మేనేజర్ గదిలో సూపర్‌వైజర్, హోటల్ డాక్టరు ముందే కూర్చుని ఉన్నారు. మేనేజర్ మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. "చెప్పమ్మా, ఏదో చెప్పాలన్నావట" అన్నాడు.

చిట్టి నోరు తెరవలేదు. పిన్ని అరచేతిని ఆయన బల్ల మీదుగా చాపింది. "ఇది మా పిల్ల బుగ్గ. చూడండి."

మేనేజర్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. హోటల్ డాక్టరు కూడా వంగి చూసి, "ఎప్పుడు ముట్టుకున్నారు?" అన్నాడు.

"మొన్న సాయంత్రం."

"మొన్నటిది ఇవాళ ఎలా చెల్లుతుంది? పైగా అప్పుడు ఆవిడ కోపంగా ఉండి ఉంటుంది."

పిన్ని చేతిని పక్కనున్న తెల్లగోడకి ఆనించింది. అరచేయి సున్నంలా తెల్లబడింది. ఆ తెల్లటి చేతిని చిట్టి బుగ్గకి ఆనించి తీసింది. మళ్లీ అదే ఎరుపు.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "ఎవరికైనా లోపల రక్తమే కదమ్మా ఉండేది. మామూలు మనిషిది ఎలా ఉంటుందో చూడాలి కదా."

"నాది చూడండి" అని సూపర్‌వైజర్ హుషారుగా బుగ్గ చాపాడు. పిన్ని ముట్టుకుంది. చెయ్యి పలచటి టీ రంగులోకి మారింది. అందులో ఎరుపు జాడ కొంచెమే ఉంది.

"వీరు ఆవిరి దగ్గర నిలబడరు కదా. ఆ మెషీన్ దగ్గర పనిచేసే మనిషినే పిలవండి. ఏ బాధా లేని మనిషిని" అన్నాడు మేనేజర్.

"ఎదురుగా ఉండేది పొడుగుపిల్ల సార్. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఒక్క రోజు కంప్లైంట్ లేదు" అని సూపర్‌వైజర్ తనే వెళ్లి పిలుచుకొచ్చాడు.

పొడుగుపిల్ల తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని, పకపకా నవ్వి, నడుం వంచి బుగ్గ పిన్ని ముందు పెట్టింది. "చూడండి పిన్నిగారూ, నాదేం రంగో!"

పిన్ని చెయ్యి పెట్టి తీసింది. చూసుకుని, ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అరచేయి ఎర్రగా ఉంది. చిట్టిదంత ముదురు కాదు, కానీ అదే ఎరుపు, అవే సన్నటి దారాలు.

అందరూ ఆ చేతినీ ఆ పిల్లనీ మార్చి మార్చి చూశారు. పొడుగుపిల్ల నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది. "ఏంటి అందరూ అలా చూస్తున్నారు? ఆవిరి దగ్గర నిలబడితే అందరికీ మండుతుంది కదా?" అంది.

"ఇంటికెళ్లాక తగ్గుతుందా?" అని చిట్టి అడిగింది.

"తగ్గదు. రాత్రి దిండు తిప్పేసుకుంటూ ఉంటాను, చల్లటి వైపు కోసం. అందరూ అంతే కదక్కా? కాదా?" ఆమె గొంతు చిన్నదైపోయింది. "ఒక ట్యూబ్ రాస్తున్నాలే. రాస్తే బాగానే ఉంటుంది."

"ఏ ట్యూబ్?"

పొడుగుపిల్ల చెప్పిన పేరు, ఆడపడుచు తెచ్చిచ్చిన ట్యూబ్‌దే.

చిట్టి కుర్చీలోంచి లేచింది. మేనేజర్ చెయ్యెత్తి, "శాంతంగా, శాంతంగా మాట్లాడుకుందాం" అన్నాడు.

"శాంతంగా ఉండను!" అంది చిట్టి. కిటికీ అద్దాలు అదిరాయి. "ఈ పిల్ల కూడా నాలాగే కాలిపోతోంది. నవ్వుతోంది కాబట్టి బాధ లేదనుకున్నారు. నేను నవ్వలేదు కాబట్టి కోపిష్టిదాన్నన్నారు. నవ్వినా చూడరు, ఏడ్చినా చూడరు. ఎలా చెప్తే వింటారు మీరు?" హోటల్ డాక్టరు వైపు తిరిగింది. "నాకు మండుతోందంటే ఎవరి మీద అని అడిగారు గుర్తుందా? ఇప్పుడు చెప్తున్నాను. మీ మీద! నా కంట్లో మచ్చ పడింది. అది పోదట."

ఆయన నేల చూపులు చూస్తూ, "పైకి కనపడలేదమ్మా" అని గొణిగాడు.

"కనపడలేదు, సరే. అడిగారా?"

"అడగాల్సింది" అన్నాడాయన. చిట్టికి అది చాలలేదు.

క్షమాపణ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేనేజర్ ఇద్దర్నీ మడతల గదికి మార్చాడు. ఆవిరి గదిలో కిటికీ తెరిపించమని చిట్టి మేనేజర్ గదిలోనే నిలబడి అడిగింది, తెరిపిస్తామని చెప్పేదాకా కదల్లేదు. చెప్పాక కూడా వాళ్లు ఇవాళా రేపూ అని నాన్చారు. చిట్టి రోజూ పొద్దున వెళ్లి అడిగి, చివరికి తెరిపించింది. ఆ తర్వాత పని వదిలే వేళకి పిన్ని అప్పుడప్పుడు లాండ్రీ గేటు దగ్గరికి వచ్చేది. చెయ్యి వేయించుకుంటామని ఒకరిద్దరు ముందుకొచ్చేవాళ్లు. అందరికీ ఎరుపు రాలేదు. వచ్చినవాళ్లు మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లారు.

భర్త మొదట్లో ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌నే మూడుసార్లు విప్పి బిగించాడు. తర్వాత ఒకరోజు టీ వెడల్పాటి గిన్నెలో పోసి, చల్లారేదాకా పక్కన నిలబడి, అప్పుడు గ్లాసులో పోసి తెచ్చిచ్చాడు. "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగాడు. చిట్టి వెంటనే కరిగిపోలేదు. "కుడివైపు ఎక్కువగా ఉంది" అంది. అతను ఇంకో ప్రశ్న అడిగాడు. దానికీ చెప్పింది. 'మీరు' అనే అలవాటు మాత్రం మళ్లీ రాలేదు. అతనూ అడగలేదు.

పొడుగుపిల్లని చర్మం డాక్టరు దగ్గరికి చిట్టే తీసుకెళ్లింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ పిల్ల వచ్చేటప్పుడు దారంతా ఒక్క జోకూ వెయ్యలేదు.

లోపల డాక్టరు ఆ పిల్ల రెప్పలు ఎత్తి, లైటు వేసి, రెండు కళ్లూ చాలాసేపు చూసింది. "సరైన టైముకి వచ్చావు. కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇక ఇవి జాగ్రత్తగానే ఉంటాయి" అంది.

ఆ మాట విని చిట్టి గుండె నిండింది. ఆ వెంటనే, ఆపుకోలేనంత కోపం కూడా వచ్చింది. సరైన టైము అనేది ఒకటి ఉందనీ, అది తనదాకా రాలేదనీ. ముఖం రాజుకుంది. ఆమె దాన్ని దాచుకోలేదు.

మెట్లు దిగుతుంటే పొడుగుపిల్ల మందుల సంచీని గుండెకి హత్తుకుని అడిగింది.

"అక్కా, కోపంగా ఉన్నావా?"

"ఉన్నాను."

"నా మీదా?"

"నీ మీద కూడా. ఎన్ని మాటలన్నావు నన్ను!"

ఆ పిల్ల తల దించుకుంది. "ఎప్పుడు తగ్గుతుంది?"

"తెలీదు. తగ్గినప్పుడు చెప్తాను" అంది చిట్టి. గుమ్మం దగ్గర ఆగి గొడుగు తెరిచి, ఆ పిల్లని చెయ్యి పట్టి నీడలోకి లాక్కుంది. "దగ్గరికి రా. ఎండ పడుతోంది ముఖం మీద."